గుడియాత్తం బాటలో మొదలైన పని: రొమ్ము కేన్సరుపై పోరాటమునకు పూర్వచరిత్ర

రాయవేలూరు ప్రాంతపు తెలుగువారి చరిత్రను వ్రాయువారు సామాన్యముగ కోటను, జలకంఠేశ్వరాలయమును, విజయనగర కాలపు శాసనములను పేర్కొందురు. అది యుక్తమే. కాని ఈ ప్రాంతమునకు మరియొక చరిత్ర కలదు. అది శిలలపై చెక్కబడినది కాదు. పడమటినుండి జోలార్‌పేట మీదుగను, ఉత్తరమునుండి పాకాల మీదుగను రైళ్లలో వచ్చి, చేత సంచియు మనసున భయమును పెట్టుకొని కాట్పాడిలో దిగు రోగులలో అది నేటికిని జరుగుచున్న చరిత్ర. వారిలో తెలుగు మాటలాడువారు ఎల్లప్పుడును కొల్లలుగ ఉందురు. 1911వ సంవత్సరమున చిత్తూరు ప్రత్యేక జిల్లా అగువరకు ఉత్తర ఆర్కాటు జిల్లాకు చిత్తూరే ముఖ్యపట్టణము. పాలనకై గీచిన హద్దులు మారినను, చిత్తూరు సీమ తెలుగువారికి వేలూరు పరాయి ఊరు కాలేదు.

ఆ రోగులలో నేడు రొమ్ము కేన్సరుతో వచ్చు స్త్రీల విషయము ఈ వ్యాసమునకు వస్తువు. ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన పరిశోధనాలయము కట్టిన లెక్క ప్రకారము 2022లో మన దేశమున సుమారు 1,92,000 మంది స్త్రీలకు ఈ వ్యాధి క్రొత్తగా కనుగొనబడినది. సుమారు 98,000 మంది మరణించిరి. భారతస్త్రీలకు వచ్చు కేన్సరులలో నేడు ఇదియే మొదటిది. ఇంత విరివిగ ఉన్న వ్యాధిని గూర్చి మన ఇండ్లలో ఇంకను మెల్లగా, తలుపు దగ్గరకు వేసి మాటలాడుకొనుచున్నాము. ఈ మౌనమునకు చికిత్స ఎట్లు జరిగినది, దానికి కావలసిన ధనము ఎవరు కూర్చిరి అను రెండు ప్రశ్నలకు సమాధానము వెదకినచో, మొదటి అడుగులు మన గుడియాత్తం బాటమీదనే కనబడును.

1. ప్రాచీనుల యెరుక

ఈ వ్యాధి నాగరికతతో వచ్చినదని కొందరందురు. అది సరికాదు. ఈజిప్టు దేశపు ప్రాచీన వైద్యపత్రములలో రొమ్మునందలి గడ్డలు వర్ణింపబడి, వానికి చికిత్స లేదని చెప్పబడినది. మన సుశ్రుతసంహిత నిదానస్థానమున అర్బుదమను గడ్డ చెప్పబడినది. గుండ్రనిది, కదలనిది, నొప్పి తక్కువైనది, వేరు లోతుగ ఉండునది, మెల్లమెల్లగా పెరుగునది, చీముపట్టనిది అని దాని లక్షణములు. తెలుగున జనులు రాచపుండు అని పిలిచిన వ్యాధులలో కేన్సరును కలిసియుండెను.

నొప్పి తక్కువైనది అను మాటను పాఠకులు ప్రత్యేకముగ గమనింపవలెను. నొప్పి యున్ననే రోగమని, నొప్పి లేనిచో అక్కరలేదని మనవారి నమ్మకము. రొమ్ములో పుట్టు కేన్సరు గడ్డ తొలిదశలో చాలమందికి నొప్పి పెట్టదు. అందుచేతనే అది సంసారపు పనులలో మరువబడి, చర్మము గుంటపడిన తరువాతనో, చనుమొన లోనికి లాగుకొనిన తరువాతనో, చంకలో బిళ్లలు కట్టిన తరువాతనో బయటపడును. ప్రాచీనులు చూచిన లక్షణమునే మనము నేడు చూడనొల్లకున్నాము.

2. తిండివనమున ఒక రాత్రి

స్త్రీ తన దేహబాధను పురుషవైద్యునికి చెప్పజాలకపోవుట ఈ దేశమున ఎన్ని ప్రాణములు తీసినదో లెక్కలేదు. వేలూరు వైద్యచరిత్ర అట్టి ఒక సంఘటనతోనే ఆరంభమగుచున్నది. ఐడా స్కడర్ 1870 డిసెంబరు 9న రాణిపేటలో జన్మించెను. తండ్రి వైద్యుడు, మిషనరీ. చదువునకై అమెరికా వెళ్లిన ఆ బాలిక, తల్లికి జబ్బుగా ఉన్నదని తిండివనమునకు తిరిగివచ్చెను. తాను ఈ దేశమున ఉండిపోవలెనను కోరిక ఆమెకు లేదు. ఒక రాత్రి, ఒకరి తరువాత ఒకరుగ ముగ్గురు పురుషులు వచ్చి, ప్రసవవేదన పడుచున్న తమ భార్యలను చూడరమ్మని ఆమెను వేడిరి. నా తండ్రి వైద్యుడు, ఆయనను పంపెదనని ఆమె చెప్పగా ముగ్గురును అంగీకరింపలేదు. పరపురుషుడు ఇంటి స్త్రీని ముట్టరాదని వారి నియమము. ముగ్గురిలో ఇద్దరు హిందువులు, ఒకరు మహమ్మదీయులు. మతములు వేరైనను నియమము ఒక్కటే. తెల్లవారునప్పటికి ముగ్గురు స్త్రీలును మరణించిరి.

ఆమె అమెరికాకు తిరిగిపోయి వైద్యము చదివి, 1899లో కార్నెల్ విశ్వవిద్యాలయమున పట్టము పొంది, 1900వ సంవత్సరారంభమున వచ్చెను. వచ్చుటకు ముందు ఆసుపత్రి కొరకు విరాళములు అడుగగా, షెల్ అను ధనికుడు తన భార్య స్మృత్యర్థము 10,000 డాలర్లు ఇచ్చెను. ఆ ధనముతో 1902లో వేలూరున మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి తెరువబడెను. చనిపోయిన ఒక స్త్రీ జ్ఞాపకము బ్రతుకవలసిన స్త్రీలకు ఉపయోగపడిన తీరును చదువరులు మనసున నుంచుకొందురుగాక. ఈ చరిత్రలో ఇట్టి ఘట్టము మరల మరల వచ్చును.

3. గుడియాత్తం బాట

ఆసుపత్రి కట్టినంత మాత్రమున పల్లెలవారు రాలేదు. దూరము ఒక అడ్డు, కూలి పోవుట ఒక అడ్డు, సిగ్గు వీనిని మించిన అడ్డు. అప్పుడు ఐడా స్కడర్ ఆసుపత్రిని బాటమీదికి తీసికొనిపోయెను. వేలూరునకు పడమరగ సుమారు 20 మైళ్ల దూరమున ఉన్న గుడియాత్తమునకు వారమునకొకమారు వెళ్లుచు, దారిలో చెట్లనీడను ఆగి రోగులను చూచుచుండెను. మొదట బండి, 1909లో చిన్న పెజో మోటారుకారు. దానిని చూచి భయపడి పరుగెత్తిన పల్లెవారే, కొంతకాలమునకు ఏ వారము ఏ వేళకు ఏ చెట్టుకడ కారు ఆగునో తెలిసికొని, పిల్లలను చంకనెత్తుకొని కాచుకొనియుండిరి.

ఆ చెట్లక్రింద జరిగినది ఎక్కువగా పుండ్లు కడుగుట, కండ్లు చూచుట, మందులిచ్చుట. కేన్సరు చికిత్స అక్కడ జరిగినదని నేను చెప్పుట లేదు. కాని కేన్సరుపై పోరాటమునకు మూలమైన ఒక సూత్రము ఆ బాటమీద రుజువైనది. స్త్రీ వైద్యాలయమునకు రానిచో వైద్యము స్త్రీకడకు పోవలెను. పోవునది స్త్రీయై, ఆమె భాషలో మాటలాడి, నియమముగ మరల మరల రావలెను. ఒక శతాబ్దము తరువాత పెద్దలెక్కలతో చేసిన పరిశోధన ఈ సూత్రమునే నిలిపిన విధమును ముందు చెప్పెదను.

4. చందాలతో లేచిన విద్యాలయము

ఒక్క వైద్యురాలు ఎన్ని పల్లెలు తిరుగగలదు? అందుచేత స్త్రీలకు వైద్యవిద్య చెప్పవలెనని ఆమె సంకల్పించెను. ముగ్గురు విద్యార్థినులు దొరకిన అదృష్టమేయని అధికారులు నవ్విరట. 1918లో పాఠశాల తెరచునప్పటికి 151 దరఖాస్తులు వచ్చెను. దేశమున స్త్రీలు చదువనొల్లకుండిరన్న వాదము ఆనాటితో కొట్టుపడినది.

దీనికి ధనము కూర్చిన విధానము తెలిసికొనదగినది. 1920ల ఆరంభమున లూసీ పీబడీ మొదలైన అమెరికా స్త్రీలు, ఆసియాలోని స్త్రీల కళాశాలల కొరకు చందాలు ఎత్తిరి. స్త్రీలు 20 లక్షల డాలర్లు కూర్చినచో తాము 10 లక్షలు ఇత్తుమని రాక్‌ఫెల్లర్ కుటుంబపు ధర్మనిధి మాట ఇచ్చెను. చిన్నచిన్న మొత్తములతో ఆ 20 లక్షలు నిండినవి. అందు వేలూరునకును భాగము లభించెను. 1938లో మద్రాసు ప్రభుత్వము వైద్యవిద్యకు విశ్వవిద్యాలయపు పట్టము ఉండవలెనని నిర్ణయించినప్పుడు పాఠశాల మూతబడు స్థితికి వచ్చెను. డెబ్బది యేండ్లు దాటిన ఐడా స్కడర్ మరల అమెరికా వెళ్లి, యుద్ధకాలమున ఊరూర తిరిగి విరాళములు అడిగెను. కళాశాల నిలిచెను, 1947నుండి పురుషులకును ప్రవేశము లభించెను. ఆమె పేరే పెట్టుకొనిన మేనకోడలు, రెండవ ఐడా స్కడర్, వేలూరున ఎక్స్‌రే మరియు కిరణచికిత్సాశాఖను నడపెను. పెద్ద ఐడా 1960 మే మాసమున కొడైకానలులో కన్నుమూసెను.

5. అడయారు: చెల్లెలి మరణమునుండి చికిత్సాలయమునకు

కేన్సరుకే ప్రత్యేకముగ దక్షిణదేశమున జరిగిన తొలి గొప్ప ప్రయత్నము డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారిది. 1886లో పుదుక్కోటలో జన్మించి, 1912లో మద్రాసు వైద్యకళాశాలలో పట్టము పొంది, 1927లో శాసనమండలి సభ్యురాలై దేవదాసీ పద్ధతి నిర్మూలనకు పోరాడిన ఆ మహనీయురాలి చెల్లెలు కేన్సరుతో మరణించెను. ఆ దుఃఖము ఆమెను లండనున కేన్సరు చికిత్స చూచివచ్చునట్లు చేసెను. 1935లో మద్రాసు వైద్యకళాశాల శతవార్షికోత్సవమున, ఈ రాజధానికి కేన్సరు ఆసుపత్రి కావలెనని ఆమె బహిరంగముగ కోరిరి.

కోరిక వెంటనే ఫలింపలేదు. ఈ వ్యాధి వచ్చినవారు ఎట్లును పోవువారే, వారికి ఆసుపత్రి ఎందుకను నిరాశ పాలకవర్గములందు కూడ ఉండెనని డాక్టరు వి. శాంతగారు తరువాతి కాలమున పలుమారులు చెప్పియున్నారు. అప్పుడు ముత్తులక్ష్మీరెడ్డిగారు భారత మహిళాసంఘము పక్షమున 1949లో కేన్సరు సహాయనిధిని స్థాపించిరి. 1952 అక్టోబరులో జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేయగా, 1954 జూన్ 18న అడయారున 12 పడకలతో ఆసుపత్రి ప్రారంభమయ్యెను. ఆమె కుమారుడు డాక్టరు కృష్ణమూర్తి, 1955లో చేరిన డాక్టరు శాంత దానిని పెంచి పెద్దచేసిరి. కెనడా సహాయముతో వచ్చిన కోబాల్టు యంత్రము 1957లో పనిచేయ మొదలిడెను. శాంతగారు ఆ ఆవరణముననే నివసించుచు, 2021 జనవరిలో మరణించువరకు రోగులసేవలోనే ఉండిరి. నిధి ముందు, భవనము తరువాత, పరిశోధన ఆ తరువాత అను క్రమమును చరిత్రకారులు గుర్తింపవలెను. జనులు నమ్మి ఇచ్చిన రూపాయి లేక ఈ క్రమము మొదలుకాదు.

6. భీమవరపు బిడ్డ, బోస్టను ప్రయోగశాల

ఇక పరిశోధనకు దానము ఎట్లు ఉపయోగపడునో చూపుటకు తెలుగువారి యింటి ఉదాహరణమే ఉన్నది. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున పుట్టి, మద్రాసున వైద్యము చదివిరి. సోదరులను స్ప్రూ అను పేగుల వ్యాధికి పోగొట్టుకొనిన ఆయన, దాని కారణము కనుగొనవలెనని అమెరికా వెళ్లదలచినప్పుడు, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ సహాయము వాగ్దానము చేసెను. మామగారు మిగిలిన ధనము సమకూర్చిరి.

హార్వర్డులో పనిచేసి, పిదప లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు నాయకత్వము వహించిన ఆయన బృందము 1940లలో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేసెను. కణము విభజన చెందుటకు ఆ ఆమ్లము అవసరము. అట్లయిన దానిని పోలియుండి దాని పని చేయని పదార్థమును ఇచ్చినచో, వేగముగ విభజన చెందు కేన్సరు కణము ఆకలితో మాడును కదా! ఈ తర్కముతో పుట్టిన అమినాప్టెరిన్‌ను బోస్టనులో సిడ్నీ ఫార్బరు రక్తకేన్సరు గల పిల్లలకు ఇచ్చి, 1948లో ఫలితము ప్రకటించెను. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. 1951లో జేన్ రైట్ అను వైద్యురాలు ఈ జాతి మందులు రొమ్ము కేన్సరుపై పనిచేయునని చూపెను. 1976లో ఇటలీదేశపు బొనడోన్నా, మెథోట్రెక్సేట్ కలిపిన మూడుమందుల చికిత్స శస్త్రచికిత్స తరువాత వ్యాధి తిరుగబెట్టుటను తగ్గించునని ప్రకటించెను. ఆ చికిత్స అనేక సంవత్సరములు లోకమంతట రొమ్ము కేన్సరు రోగులకు ఆధారమయ్యెను.

కాకినాడలో ఒక ధర్మసంస్థ ఇచ్చిన మాట ఎవరి ప్రాణము కాపాడునో ఆనాడు ఇచ్చినవారికి తెలియదు. సుబ్బారావుగారు కూడ 1948 ఆగస్టులోనే మరణించిరి. ఫలమును పూర్తిగ చూడలేదు. పరిశోధనకు ఇచ్చు దానము నాటిన మామిడిటెంక వంటిది. నాటినవాడే తినవలెనను నియమము లేదు.

7. సిగ్గును జయించిన ఉద్యమములు

అమెరికాలో సైతము ఒకప్పుడు ఈ వ్యాధి పేరు పత్రికలలో వ్రాయుటకు సంకోచించెడివారు. 1936లో అక్కడి స్త్రీలు కేన్సరు నివారణకై మహిళాసేన అను పేర బృందములు కట్టి, ఇంటింటికి పోయి లక్షణములు చెప్పుచు చందాలు వసూలుచేసిరి. 1982లో ఒకామె రొమ్ము కేన్సరుతో చనిపోయిన తన అక్క సుసాన్ కోమెన్ పేర సంస్థ స్థాపించెను. 1985నుండి అక్టోబరు మాసము ఈ వ్యాధిని గూర్చి తెలియజెప్పుటకు కేటాయింపబడినది. 1992లో గులాబిరంగు రిబ్బను వ్యాపించెను. రిబ్బను అమ్మి లాభము తీయువారును బయలుదేరిరి. రూపాయిలో ఎంత పరిశోధనకు చేరినదని అడుగుట దాత హక్కు. అయినను పేరు పలుకుటకే భయపడిన వ్యాధిని జనులు రొమ్ముపై ధరించు గుర్తుగ మార్చుట చిన్న విజయము కాదు.

తెలుగునాట కూడ ఇదే కథ. హైదరాబాదున మెహదీ నవాజ్‌జంగ్ పేర ప్రభుత్వ కేన్సరు ఆసుపత్రి 1955నుండి పేదలకు ఆశ్రయము. నందమూరి తారకరామారావుగారి సతీమణి బసవతారకమ్మగారు 1985లో కేన్సరుతో మరణించగా, ఆయన సంకల్పమునకు అమెరికాలోని తెలుగు వైద్యులు సంఘముగ ఏర్పడి తోడ్పడిరి. 2000 జూన్‌లో ఆమె పేర హైదరాబాదు ఆసుపత్రి ప్రారంభమయ్యెను. డాక్టరు పిల్లారిశెట్టి రఘురామ్‌గారు, తల్లి ఉషాలక్ష్మిగారికి రొమ్ము కేన్సరు కలిగిన పిదప, ఆమె పేర 2007లో రొమ్మువ్యాధుల కేంద్రమును, ధర్మసంస్థను నెలకొల్పిరి. 2012 నుండి 2016 వరకు రెండు తెలుగు రాష్ట్రముల గ్రామములందు సుమారు రెండులక్షల పేదస్త్రీలకు శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలచేత రొమ్ము పరీక్షలు జరిపించిరి. చెల్లెలు, అక్క, భార్య, తల్లి: ప్రతి సంస్థ వెనుక ఒక ఇంటి దుఃఖము ఉన్నది. దుఃఖము అందరికిని వచ్చును. దానిని పదిమంది సొత్తుగ మార్చినవారు కొందరే.

8. పరిశోధన తేల్చిన సత్యములు

ధనము వ్యయించిన ఫలమేమని అడుగువారికి రెండు ఉదాహరణములు చెప్పెదను. 1894లో హాల్‌స్టెడ్ అను అమెరికా శస్త్రవైద్యుడు ప్రకటించిన పద్ధతి ప్రకారము రొమ్మును, దాని క్రింది కండరములను, చంకలోని గ్రంథులను సమూలముగ తీసివేయుట ముక్కాలు శతాబ్దము ఆచారమయ్యెను. ఈ చికిత్స భయమే ఎందరినో ఇల్లు కదలనీయలేదు. బెర్నార్డ్ ఫిషర్ స్త్రీలను రెండు మూడు వర్గములుగ విభజించి ఏండ్లతరబడి పోల్చిచూచెను. తొలిదశలో గడ్డను మాత్రము తీసి కిరణచికిత్స చేసినచో, రొమ్మంతయు తీసినవారితో సమానముగ జీవింతురని 1985లో ప్రకటించెను. లోకమున లెక్కలేనంతమంది స్త్రీల దేహమును, ధైర్యమును కాపాడినది కత్తి కాదు. ఓపికతో కట్టిన లెక్క.

రెండవది మన దేశపుది. రొమ్ము ఎక్స్‌రే యంత్రములు ప్రతి పల్లెకు పోజాలవు. ముంబయిలోని టాటా స్మారక ఆసుపత్రివారు 1998లో 35 మొదలు 64 ఏండ్ల వయస్సుగల 1,51,538 మంది స్త్రీలతో పరిశోధన ఆరంభించిరి. సగమువాడలలో శిక్షణ పొందిన స్త్రీలు రెండేండ్లకొకమారు చేతితో రొమ్ము పరీక్ష చేసిరి. ఇరువదియేండ్ల ఫలితము 2021లో వెలువడినది. పరీక్ష పొందినవారిలో వ్యాధి తొలిదశలోనే పట్టుబడినది. 50 ఏండ్లు పైబడినవారిలో మరణములు సుమారు నూటికి 30 వంతులు తగ్గినవి. అంతకు తక్కువ వయస్సువారిలో అట్టి లాభము కనబడలేదు. అందరిని కలిపి చూచిన తగ్గుదల నూటికి 15 వంతులు, అది గణితరీత్యా నిశ్చయము కాదని పరిశోధకులే నిజాయితీగ చెప్పిరి. వైద్యము స్త్రీకడకు పోవలెనను గుడియాత్తం బాట సూత్రము ఎంతవరకు నిజమో, ఎవరికి ఎక్కువ మేలో ఈ పరిశోధన తేల్చినది. పరిశోధన అనగా మన నమ్మకమును మెచ్చుకొనుట కాదు, దానిని కొలిచిచూచుట.

9. మన కర్తవ్యము

2019లో వేలూరు జిల్లా మూడుగ చీలి, జోలార్‌పేట తిరుపత్తూరు జిల్లాలోను, గుడియాత్తము వేలూరు జిల్లాలోను ఉన్నవి. తిరుపతిలో 2022లో క్రొత్త కేన్సరు ఆసుపత్రి వెలసినది. కాబట్టి మన చుట్టును చికిత్సాలయములకు లోటు మునుపటంత లేదు. లోటు ఇంటికిని ఆసుపత్రికిని నడుమ ఉన్నది. ఆ నడిమి బాటను వేయుట సంఘముల పని.

ఇందుకు పెద్ద సిరి అక్కరలేదు. మొదటిది, మన మహిళాసభ్యులు ఏటేట ఒక దినము కూడి, వైద్యురాలిని పిలిపించి, గడ్డ, చర్మపు గుంట, చనుమొననుండి నెత్తురు కారుట మొదలైన గుర్తులను తెలుగున చెప్పించుకొనవలెను. ప్రతి గడ్డయు కేన్సరు కాదు, చాల గడ్డలు కావు. కాని ఏదైనదియు చూపించుకొనిననే తెలియును. ఇది అంటువ్యాధి కాదనియు, పూర్వజన్మపాపము కాదనియు, ఆమె విడిచిన చీరను, త్రాగిన గ్లాసును వేరుచేయుట క్రూరమనియు పురుషులకును చెప్పవలెను. రెండవది, ఆసుపత్రులలో తెలుగు తప్ప వేరుభాష రాని రోగికి తోడుగ కూర్చుండుటకు కొందరు యువకులు, యువతులు ముందుకు రావలెను. చికిత్స నడుమ విడిచి వెళ్లిపోవువారిలో ధనము లేనివారితోపాటు మాట తెలియనివారును ఉందురు. మూడవది, సంఘపు వార్షిక చందాలో కొంతభాగము ప్రత్యేకనిధిగ నుంచి, సగము పేదరోగుల రైలుఖర్చులకును, సగము పేరుపొందిన పరిశోధనాలయమునకును పంపి, లెక్కను సభలో చదివి వినిపింపవలెను.

తిండివనమున ఆనాటి రాత్రి ముగ్గురు భర్తలు క్రూరులు కారు. భార్యలపై ప్రేమ లేనిచో చీకటిలో లాంతరు పట్టుకొని అంతదూరము వచ్చియుండరు. వారి ప్రేమకు మర్యాద అను పేర ఒక అడ్డుగోడ నిలిచినది. తెల్లవారునప్పటికి ఆ గోడ నిలిచియే యున్నది, భార్యలు మాత్రము లేరు. నేడు మన యిండ్లలో ఒక తల్లియో, ఒక అక్కయో గడ్డను చీరచెరగున దాచుకొని, పిల్ల పెండ్లి కానిమ్ము, పండుగ వెళ్లనిమ్ము అని వాయిదా వేయుచుండవచ్చును. ఆమెను అడుగుటకు మనకు సిగ్గు, చెప్పుటకు ఆమెకు సిగ్గు. చరిత్ర చదివిన ఫలము ఆ గోడను గుర్తుపట్టుట. ఈ సంచిక చేతికందిన ప్రతి యింట, ఈ వ్యాసము చదివిన దినముననే, ఒక్కరైనను ఒక్కరిని అడిగినచో దీనిని వ్రాసిన శ్రమ సార్థకమగును.